ముందు పోరా? ముందు పాటా?

మన సాహిత్య సభల్లో వేదిక ఎక్కిన వక్త ఒక మాట అనకుండా దిగడు. 'మా భూమి' నాటకం తెలంగాణ రైతాంగాన్ని తట్టి లేపిందట. వినడానికి బాగుంటుంది. రచయితలమైన మనకు మరీ బాగుంటుంది. కాని తారీఖులు ఈ మాటకు ఒప్పుకోవు. కడవెండి గ్రామంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండిన పంటను దొర మనుషులకు దక్కనీయకుండా సంఘం కార్యకర్తలు కోసి ఆమె ఇంటికి చేర్చింది అంతకు ముందు. అదే దేశ్‌ముఖ్‌తో ఏళ్ళ తరబడి కోర్టుల్లో తలపడిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ హత్యకు గురైంది ఇంకా ముందు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'మా భూమి' రాసింది 1947లో. బందగీ కథ ఆ నాటకానికి ఇతివృత్తాన్ని ఇచ్చిందే తప్ప, నాటకం బందగీని తయారు చేయలేదు.

అంటే లేచిన రైతును చూసి నాటకం లేచింది. ఈ మాట అన్నంత మాత్రాన 'మా భూమి' విలువ తగ్గిపోతుందని కొందరు కంగారు పడతారు. తగ్గదు. పైపెచ్చు, చేయని పనిని ఆ నాటకానికి అంటగట్టడం వల్ల అది నిజంగా చేసిన పని ఏమిటో మనకు కనిపించకుండా పోతున్నది. కళ సంఘాన్ని కదిలిస్తుందని తరగతి గదిలో పిల్లలకు చెబుతాం, పరీక్షలో రాయిస్తాం. ఎవరిని కదిలిస్తుంది, ఎప్పుడు కదిలిస్తుంది, ఎంత దూరం కదిలిస్తుంది అని మాత్రం అడగం. ఈ మూడు ప్రశ్నలూ అడగకుండా కళాప్రయోజనం గురించి మాట్లాడటం ఉపన్యాసం అవుతుంది గాని విమర్శ కాదు.

ఈ విషయంలో తెలుగునాట మనకున్న మొదటి పెద్ద ఉదాహరణ 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశాడు. తొలి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికను మన విద్యార్థులు చదవకుండానే నాటకం మీద వ్యాసాలు రాస్తుంటారు. ఆ పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. తేలినవి 1,034. పెళ్ళినాటికి అయిదేళ్ళున్న పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. నాటక రచయిత నాటకానికి ముందు ఇటువంటి అంకెలు ఉంచడం మన సాహిత్యంలో అంతకు ముందు నేనెరిగినంతలో లేదు. చదివే అలవాటు జనంలో వ్యాపించేదాకా ఇటువంటి దురాచారాలను ఎండగట్టడానికి రంగస్థలమే దిక్కు అని కూడా ఆయన అక్కడే అన్నాడు. యాభై ఏళ్ళ తర్వాత ప్రజా నాట్యమండలి పట్టుకున్న సూత్రం ఇదే.

మరి కన్యాశుల్కం ఆచారాన్ని 'కన్యాశుల్కం' నాటకం రూపు మాపిందా? శుల్కం పోయిన మాట నిజం. అయితే దాని స్థానంలో వచ్చింది వరశుల్కం. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం ఉన్న వరుడికి గిరాకీ పెరిగి, డబ్బు ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి తారుమారయ్యాయి. పిల్లలకు పెళ్ళీడు నిర్ణయిస్తూ శారదా చట్టం 1929లో గాని రాలేదు. ఆర్థిక పునాది మారినప్పుడు ఆచారం మారింది, నాటకం మారిస్తే కాదు. అయినా అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు అనే పేర్లు తెలుగువాడి నాలుక మీద తిట్లుగా నిలిచిపోయాయి. ఏ ఇంట్లోనైనా ముసలివాడు పసిపిల్లను చేసుకోబోతే పది మంది నవ్వడానికి ఒక పేరు దొరికింది. ఆ పని నాటకం చేసింది. ఇంత మాత్రమే చేసిందనవచ్చు, ఇంత చేసిందనీ అనవచ్చు. నా మటుకు నేను రెండో వైపే ఉంటాను.

బెంగాలులో దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' కథ ఇంకా స్పష్టం. నీలిమందు రైతులు తిరగబడింది 1859లో. నాటకం అచ్చయింది 1860లో. ఆ ఏడే సర్కారు నీలిమందు కమిషను కూడా వేసింది. కాబట్టి అక్కడా రైతే ముందు. అయితే నాటకాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించిన నేరానికి ఫాదరీ జేమ్స్ లాంగ్‌కు 1861లో నెల రోజుల ఖైదు, వెయ్యి రూపాయల జుర్మానా పడ్డాయి. తోటల దొరలు రైతు కర్రకు భయపడ్డారు సరే, ఆ కర్ర సంగతి ఇంగ్లండులో చదువుతారన్నందుకు అంతకంటె ఎక్కువ ఉలిక్కిపడ్డారు. రైతు చేసిన పనిని రైతు గొంతు చేరని చోటికి నాటకం చేర్చింది. 'మా భూమి'ని అర్థం చేసుకోవడానికి ఈ ఉదాహరణ అక్కరకు వస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన ఆంధ్ర అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. ఆ ఏడు మే నెలలో బొంబాయిలో ఇప్టా పుట్టింది. గరికపాటి రాజారావు ప్రభృతుల పూనికతో ఆంధ్రలో ప్రజా నాట్యమండలి పుట్టిందీ ఆ ఏడే. ఈ తారీఖులన్నీ 1943 చుట్టూ గుమిగూడటం కాకతాళీయం కాదు. అది బెంగాల్ కరువు సంవత్సరం. గోదాముల్లో ధాన్యం ఉండగా లక్షల మంది కలకత్తా వీధుల్లో, పల్లెదారుల్లో రాలిపోయిన సంవత్సరం. బిజన్ భట్టాచార్య 'నబాన్న' నాటకం 1944లో ఆ ఆకలిని రంగస్థలం మీదికి తెచ్చింది. తెలుగు పల్లెల్లోకి అదే ఆకలి నాటకంగా రాలేదు. కథగా వచ్చింది. షేక్ నాజర్ దళం బెంగాల్ కరువు మీద బుర్రకథ చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. బుర్రకథను గురించి మనం భక్తితో మాట్లాడతాం గాని శ్రద్ధగా చూడం. అది అభ్యుదయవాదులు కనిపెట్టిన రూపం కాదు. జంగం కథ అనీ, తంబుర కథ అనీ, శారద కథ అనీ రకరకాల పేర్లతో, ఇంటింటికీ తిరిగి కథ చెప్పుకుని నాలుగు గింజలు అడుక్కునే కులాల చేతిలో తరతరాలుగా బతికిన విద్య. కథకుడి భుజాన తంబుర, వేలికి అందె. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకున్న వంతలిద్దరు. ఈ వంతల్లో ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం చెబుతాడు. కథ ఏ కాలానిదైనా కావచ్చు, ఎన్ని శతాబ్దాల కిందటిదైనా కావచ్చు, వంతవాడు మధ్యలో అడ్డుపడి నేటి సంగతి ఎత్తవచ్చు. వినేవాడి మనసులో మెదిలే సందేహాన్ని వాడికంటె ముందు హాస్యగాడు అడుగుతాడు. కథకుడు దానికి జవాబు చెప్పక తప్పదు. బ్రెహ్టు నాటకాల్లో ప్రేక్షకుణ్ణి కథలో మునిగిపోనీయకుండా ఆపే పద్ధతిని గురించి మనం పుటలకు పుటలు రాసుకుంటున్నాం. అటువంటి పనే మన జంగాలు పెట్రోమాక్సు లైట్లు రాకముందు నుంచీ, ఆముదపు దీపం వెలుగులో చేస్తూ వచ్చారు.

ఈ రూపం ఉద్యమానికి ఎందుకు అంత అతికిందో కూడా వివరంగా చూడాలి. నాటకానికి తెర కావాలి, దుస్తులు కావాలి, ఇరవై మంది నటులు కావాలి, స్త్రీ పాత్రల చిక్కు ఉంది. బుర్రకథకు ముగ్గురు మనుషులు, ఒక అరుగు చాలు. పోలీసు వస్తే ముగ్గురూ జనంలో కలిసిపోవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, కథ వినడం పల్లె ప్రజకు కొత్తగా నేర్పవలసిన అలవాటు కాదు. సుంకర రాసిన 'కష్టజీవి' వంటి తొలి రోజుల కథల్లో వీరుడి స్థానంలోకి కూలివాడు వచ్చాడు. బొబ్బిలి రాజుల కోసం మోగిన అందే పాలేరు కోసం మోగింది. సర్దార్ పాపారాయుడి కథకు ఉలిక్కిపడి లేచి కూర్చున్న జనం పాలేరు కథకూ అదే వరసలో లేచి కూర్చున్నారు. వస్తువు మారింది, వినే చెవి పాతదే. అభ్యుదయ కవుల్లో చాలామంది కొత్త వస్తువుకు కొత్త రూపం వెతుకుతూ పట్నం పత్రికల్లోనే ఉండిపోయిన కాలంలో ఇది జరిగిందని మరువకూడదు. వచన కవిత్వాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి పదిమందికి అటూ ఇటూగా ఉన్నారని మాత్రం గుర్తు చేస్తున్నాను.

నాజర్ జీవితమే ఒక వ్యాఖ్యానం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టాడు. దూదేకుల కుటుంబం. చిన్ననాడు నాటకాల్లో ఆడవేషాలు వేశాడు, పొట్టకోసం కుట్టుపని చేశాడు. సంగీతం కష్టపడి నేర్చుకున్నాడు. ఆ సంగీతాన్ని కథలో పెట్టినప్పుడు, శాస్త్రం తెలిసినవాడు తలవూపాడు, తెలియనివాడు ఏడ్చాడు, నవ్వాడు. పల్నాటి యుద్ధం చెప్పినా బొబ్బిలి చెప్పినా, హిందూ వీరుల కథ చెబుతున్నవాడు ముసల్మాను అన్న స్పృహ ఆ పల్లె సభల్లో అడ్డం రాలేదు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. లోకం తిట్టుగా వాడే కులం పేరును పుస్తకం అట్ట మీదికి ఎక్కించిన ధైర్యం, ఆయన చెప్పిన ఏ వీరగాథలోని ధైర్యానికీ తీసిపోదు.

ఒక బాకీని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. జంగాల దగ్గర ఉద్యమం రూపాన్ని తీసుకుంది, పేరు మార్చింది, పదును పెట్టింది. కాని ఆ రూపాన్ని అన్ని తరాలు కాపాడిన కుటుంబాల్లో ఎన్నింటికి మన చరిత్ర పుస్తకాల్లో ఒక పేజీ దక్కింది? 'జానపద కళారూపం' అన్న గౌరవప్రదమైన మాట వెనుక మనుషులు మాయమైపోతారు. ప్రజల కళ ప్రజలదే కదా అని సమాధానం చెప్పుకోవడం తేలిక. అడుక్కునేవాడి తంబురకు ఆ సమాధానం సరిపోదు.

'మా భూమి' విషయానికి మళ్ళీ వస్తే, ఈ నాటకం ఎక్కువగా ఎక్కడ ఆడింది అని అడగాలి. నిజాం ఏలుబడిలో బాహాటంగా ఆడే వీలు ఎక్కడ? గస్తీ నిశాన్ 53 అమలులో ఉన్న రాజ్యం అది. సర్కారు అనుమతి లేకుండా నలుగురు కూడి సభ పెట్టుకోవడానికే దిక్కులేదు. అందుచేత 'మా భూమి' దళాలు తిరిగింది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి మొదలైన కోస్తా జిల్లాల్లో. వందకు పైగా దళాలు ఆ నాటకాన్ని ఆడాయని ఆ ఉద్యమంలో పనిచేసినవారు రాసుకున్నారు. ఒకే ఒక నాటకాన్ని అన్ని దళాలు, అంత కొద్ది కాలంలో ఆడటం తెలుగు రంగస్థల చరిత్రలో మరొకటి చూపించలేం. రచయితలిద్దరూ కోస్తావారే. తెలంగాణ పల్లె యాస వారికి ఉగ్గుపాలతో వచ్చింది కాదు. నాటకం చూసిన జనంలో చాలామంది దేశ్‌ముఖ్ గడీ ఎలా ఉంటుందో కళ్ళతో చూసినవారు కారు.

మరి ఆ నాటకం ఎవరిని కదిలించింది? వెట్టి చేసేవాణ్ణి కాదు, వెట్టి అంటే ఏమిటో తెలియనివాణ్ణి. కృష్ణా ఆయకట్టు రైతుకు జమీందారు తెలుసు. కౌలు తెలుసు, శిస్తు తెలుసు. కాని దొర ఇంట పెళ్ళయినా చావయినా ఊళ్ళోని ప్రతి కులం ఒళ్ళు వంచి ఉచితంగా చాకిరి చేయాలనీ, చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరి వంతు వెట్టి వారిదేననీ, దొర ఎదుట 'నీ కాల్మొక్త, బాంచన్' అనకుండా నోరు తెరవడానికి వీల్లేదనీ అతనికి తెలియదు. సరిహద్దుకు ఇవతల కూర్చుని అవతలి పోరును రజాకార్ల గొడవగా, మతాల గొడవగా మాత్రమే చూసే ప్రమాదం ఉన్న కాలంలో, అది భూమి గొడవ అని ఈ నాటకం పేరులోనే చెప్పింది. కథకు మూలమైన బందగీ ముసల్మాను. దొర హిందువు. రజాకార్ల దౌర్జన్యాలు పెరుగుతున్న 1947లో ఈ ఒక్క సంగతిని నాటకం నడిమధ్య నిలబెట్టడం మామూలు విషయం కాదు. ఇంతకంటె పెద్ద రాజకీయ ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేరు. సరిహద్దు దాటి వచ్చినవారికి తలదాచుకునే చోటు, పోరాటానికి చందా, వడ్లు, ఆశ్రయం కోస్తా పల్లెల నుంచి దొరికాయంటే అందులో ఈ నాటకానికి వాటా ఉంది. 'నీల్ దర్పణ్' లండనుకు చేర్చిన సంగతిని 'మా భూమి' బెజవాడకు చేర్చింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఉద్యమ నాటకంలో పాత్రలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉపన్యాసంలోకి జారుతాయి. దొర ఎప్పుడూ దొరలాగే, కార్యకర్త ఎప్పుడూ కార్యకర్తలాగే ఉంటాడు. గురజాడ గిరీశంలో చూపించిన తిరకాసు, అంటే మనకు నచ్చనివాడు మనల్ని నవ్వించి మనల్నే ఇరికించే తిరకాసు, ఇక్కడ లేదు. కాని ఊరు తగలబడుతున్నప్పుడు రాసిన నాటకాన్ని, తీరుబడిగా పదిహేడేళ్ళు చేతిలో ఉంచుకుని చెక్కిన నాటకంతో పోల్చి మార్కులు వేయడం విమర్శకుడికి తగదు. రెండూ వేర్వేరు పనులకు చేసిన పనిముట్లు.

ఇక తెలంగాణలో కళ చేసిన పని వేరు. అక్కడ నాటకం కంటె పాట ముందు నడిచింది. సభకు అనుమతి లేని చోట గొల్లసుద్దులకు, కోలాటానికి, భజనకు అనుమతి అడిగేవాడు లేడు. సుద్దాల హనుమంతు ఈ దారిని పట్టుకున్నాడు. పశువుల వెంట తిరిగే జీతగాడు పిల్లవాణ్ణి గురించి ఆయన కట్టిన పాటలో నినాదం పెద్దగా లేదు. ఆ పిల్లవాడి ఒంటి మీద బట్ట గురించీ, కాలికి చెప్పులేని నడక గురించీ, రావలసిన జీతం గురించీ అడుగుతాడంతే. కాని ప్రశ్న అడగటమే కొత్త. వెట్టి పుట్టుకతో వచ్చిన రాత అనుకున్నవాడికి, దానికొక లెక్క ఉందనీ ఆ లెక్క తప్పనీ చెప్పడం తుపాకి పట్టించడానికి చాలా ముందు జరగవలసిన పని. వెట్టి చేసేవాడికి తన కష్టం పాటలో కొత్తగా తెలియదు. దాన్ని నలుగురిలో పైకి అనవచ్చునని తెలుస్తుంది. నా దృష్టిలో కోస్తాలో కళ చేసిన పనికీ, తెలంగాణలో చేసిన పనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఒకటి తెలియనివాడికి తెలియజెప్పింది. రెండోది తెలిసినవాడి నోరు విప్పించింది. 'కళ చైతన్యాన్ని కలిగిస్తుంది' అన్న ఒకే వాక్యంలో ఈ రెంటినీ కలిపి పారేయడం వల్లనే మన వ్యాసాలన్నీ ఒక మూసలో పోసినట్లుంటున్నాయి.

యాదగిరి కట్టిన పాట మరొక రకం. అది నేరుగా నిజామునే నిలదీసింది. ఏలికను పేరుపెట్టి, ఏకవచనంలో సవాలు చేసే పాటను పదిమంది గొంతు కలిపి పాడటంలోనే ఒక తిరుగుబాటు ఉంది. 'బాంచన్' అన్న నోరు 'కొడకా' అన్నది. భాషలో జరిగిన ఈ విప్లవాన్ని మన భాషాశాస్త్రవేత్తలు ఇంకా తగినంత పట్టించుకోలేదు. వ్యావహారిక భాషోద్యమం అనగానే గిడుగు, గురజాడలతో మొదలుపెట్టి పత్రికలతో ముగిస్తాం. మర్యాద వాచకాలు ఊళ్ళో ఎవరు ఎవరికి వాడాలి అన్న తగాదా కూడా ఆ చరిత్రలో భాగమే.

స్త్రీల సంగతి ఎవరూ చివరి పేరాలో తోసేయకూడదు. కుటుంబ స్త్రీ రంగస్థలం ఎక్కడమంటే పరువు పోవడమని భావించిన రోజుల్లో మోటూరి ఉదయం నాయకత్వాన మహిళా బుర్రకథ దళం ఊరూరా తిరిగింది. కొండపల్లి కోటేశ్వరమ్మ పాడింది, నటించింది, తర్వాత అజ్ఞాతంలోకి వెళ్ళింది. తంబుర భుజాన వేసుకుని నిలబడిన ఆడమనిషి ఏ కథ చెబుతున్నదన్నది తర్వాతి మాట. ఆమె అలా నిలబడటమే కథ వినడానికి వచ్చిన ఆడవాళ్ళు మొదట చూసిన కథ. అయితే ఉద్యమం ఈ స్త్రీలకు వేదిక ఇచ్చినంత ఉదారంగా చరిత్రలో చోటు ఇవ్వలేదు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు స్త్రీశక్తి సంఘటన పూనికతో 'మనకు తెలియని మన చరిత్ర'గా రావడానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది. కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' వచ్చింది 2012లో, ఆమెకు తొంభై ఏళ్ళు దాటిన తర్వాత. పోరాటం నాటి నాటకాలు భూమి మీద దొర హక్కును ప్రశ్నించినంత గట్టిగా ఇంట్లో మగవాడి హక్కును ప్రశ్నించలేదని ఈ రెండు పుస్తకాలూ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కళకు శక్తి లేదనేవారికి నేను చూపించే సాక్ష్యం ప్రభుత్వానిది. విమర్శకులు పొరబడవచ్చుగాని పోలీసులు ఈ విషయంలో అరుదుగా పొరబడతారు. 'మా భూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1948లో నిర్బంధం మొదలయ్యాక కళాకారులు జైళ్ళకో అజ్ఞాతానికో పోయారు, దళాలు చెదిరిపోయాయి. ఇటువంటి నిషేధాలకు మూలపురుషుడు 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. తెల్లదొరలను ఎగతాళి చేసే బెంగాలీ నాటకాలను అణచడానికి తెచ్చిన చట్టం అది. తెల్లదొరలు పోయినా చట్టం పోలేదు. 1953లో లక్నోలో ఇప్టావారు ప్రేమ్‌చంద్ 'ఈద్గాహ్' కథను నాటకంగా ఆడినందుకు అదే చట్టం కింద కేసు పెట్టారు. నాయనమ్మ చేతులు కాలకుండా తిరునాళ్ళలో పట్టకారు కొన్న పిల్లవాడి కథ! ఆ కథలో రాజద్రోహం ఎక్కడ దాగి ఉందో వెతికిన అధికారిని సాహిత్య విద్యార్థులు పరిశోధకుడిగా గుర్తించాలి. 1956లో అలహాబాదు హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా పార్లమెంటు దాన్ని పుస్తకంలోంచి తీసేసింది 2018లో.

నిషేధం కంటె నేర్పుగా పనిచేసేది ఆదరణ. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది మృతులు అని సుందరయ్య లెక్క కట్టిన పోరాటం ముగిసిన తర్వాత నటులకు బతుకుతెరువు కావలసి వచ్చింది. రాజారావు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీశాడు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య, తాతినేని ప్రకాశరావు వంటివారు సినిమాల్లో స్థిరపడ్డారు. వారిని తప్పు పట్టడం కుర్చీలో కూర్చున్నవాడు చేసే పని. వారు సినిమాకు పోవడం కంటె ఆలోచించవలసినది బుర్రకథకు ఏమైందన్నది. సుంకర రాసిన అల్లూరి సీతారామరాజు కథను 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ చెప్పాడు. ఆ ఒక్క ఘట్టం కోసం జనం మళ్ళీ మళ్ళీ టికెట్టు కొన్నారు. అదే తంబుర తర్వాత పంచవర్ష ప్రణాళికలు చెప్పింది, కుటుంబ నియంత్రణ చెప్పింది, చిన్న మొత్తాల పొదుపు చెప్పింది. హాస్యగాడు అడిగే సందేహం ఇప్పుడు సర్కారువారు రాసి ఇచ్చిన సందేహం. రాజకీయ వంత రాజకీయం మానేశాడు. 1986లో నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హుడు. కాని ఆయన గొంతును ఆపాలని చూసిన రాజ్యమే పతకం తొడిగే నాటికి ఆ గొంతు వెనుక ఉన్న ఉద్యమం లేదు.

దీన్నిబట్టి రూపానికి దానికదిగా పక్షం లేదని తేలుతుంది. ప్రజా కళారూపం వాడితే చాలు ప్రజల పక్షం అయిపోతుందన్న నమ్మకం మనవాళ్ళలో ఇప్పటికీ ఉంది. 1972లో జన నాట్యమండలి పుట్టి ఒగ్గుకథను, బుర్రకథను, గొంగడిని, గజ్జెను మళ్ళీ ఎత్తుకున్నప్పుడు అందులో బిగువు వచ్చింది రూపం వల్ల కాదు. పాట వెనుక మళ్ళీ కదులుతున్న జనం వల్ల. నేడు ఎన్నికల ప్రచార వాహనాల మీద అదే గొంగడి, అదే గజ్జె, అదే వరస అన్ని పార్టీలకూ అద్దెకు దొరుకుతున్నాయి.

చివరగా ఒక పొరపాటును సరిదిద్ది ఆపుతాను. 1979లో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మా భూమి' చిత్రం సుంకర, వాసిరెడ్డి నాటకానికి తెరరూపమని విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. కాదు. పేరు నాటకానిది, కథకు ఆధారం ఉర్దూ అభ్యుదయ రచయిత కిషన్ చందర్ నవల 'జబ్ ఖేత్ జాగే'. కోస్తా తెలుగువారు రాసిన నాటకం పేరు, ఉర్దూ రచయిత నవల, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ పల్లె జనం కలిస్తే ఆ సినిమా అయింది. అందులో యాదగిరి పాటను గద్దర్ పాడాడు. పాట పుట్టినప్పుడు విన్నవాళ్ళు కొన్ని తాలూకాల జనం. నిజాం గద్దె దిగి ముప్ఫై ఏళ్ళయ్యాక అది రాష్ట్రమంతా విన్నది. 2002 నుంచి ధూంధాం సభల కాలంలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో, ఆ పాట మళ్ళీ వినిపించింది. అప్పుడు పాడినవాళ్ళ మనసులో ఉన్నది నిజాం కాదు. ఎవరిని నిలదీస్తున్నారో వినేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. 'మా భూమి' నాటకాన్ని నెత్తిన పెట్టుకున్న కోస్తా పల్లెల్లో ఆ పాటను ఈసారి టీవీలో విని కొందరు నొచ్చుకున్నారు కూడా.